ఒంటికి తగ్గ సైకిలు: సర్దించుకోవాలా, భాగాలు మార్చాలా, సైకిలే మార్చాలా?

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి చోట్ల సైకిలు కొనేటప్పుడు ధర ఎంత, రంగు ఏది, గేర్లు ఉన్నాయా లేవా అన్న ప్రశ్నలే వినిపిస్తాయి; తొక్కబోయే మనిషి కాలి పొడవెంత అని అడిగే దుకాణదారు అరుదు. సీటు మీద కూర్చోబెట్టి, రెండు పాదాలూ నేలకు ఆనేదాకా సీటు దించి, అక్కడ బోల్టు బిగించి పంపించడం మామూలు. ఆ సైకిలు మీద పక్క వీధికి వెళ్లి వచ్చేవారికి ఏ ఇబ్బందీ తెలియదు. రోజూ ఊరి నుంచి హైస్కూలుకో, జేకేపూర్ కాగితం మిల్లు డ్యూటీకో ఎనిమిది పది కిలోమీటర్లు తొక్కేవారికి మాత్రం కొన్ని వారాలు గడిచేసరికి మోకాలి చిప్ప ముందు నొప్పి, నడుము పట్టేయడం, అరచేతుల తిమ్మిరి మొదలవుతాయి.

అప్పుడు వారి ముందు ఉండే దారులు నాలుగు. ఉన్న సైకిలునే సర్దించుకోవచ్చు. సీటు, హ్యాండిల్ వంటి భాగాలు మార్చుకోవచ్చు. వేరే సైజు సైకిలు కొనుక్కోవచ్చు. పెద్ద నగరానికి వెళ్లి డబ్బిచ్చి నిపుణుల చేత కొలతలు తీయించుకోవచ్చు. చాలామందికి మొదటి దారి చాలునని, అది కూడా సీటు ఎత్తుతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. అయితే ఫ్రేము సైజు తప్పయిన సైకిలును ఏ మేస్త్రీ కూడా సర్దుబాటుతో మనిషికి సరిపెట్టలేడు కాబట్టి, ఆ సంగతి ముందుగా తేల్చుకున్నాకే పానా చేతపట్టడం మంచిది.

ముందు కాలి పొడవు

గోడకు వీపు ఆనించి చెప్పులు లేకుండా నిలబడి, పాదాల మధ్య బెత్తెడు ఎడం ఉంచి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య నుంచి పైకి జరిపి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తిడి తెలుస్తుందో అంత ఒత్తిడి తెలిసేదాకా ఎత్తాలి. పుస్తకం వెనుక అంచు గోడకు పూర్తిగా ఆని ఉండగా పై అంచు దగ్గర పెన్సిలుతో గీత పెట్టి, నేల నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవాలి. మరొకరు పక్కన ఉండి పుస్తకం వంగకుండా చూస్తే కొలత నమ్మకంగా వస్తుంది. మనిషి మొత్తం ఎత్తును బట్టి అంచనా వేయడం సరికాదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరి కాళ్లు రెండు మూడు సెంటీమీటర్లు పొడవుగా ఉండడం సర్వసాధారణం.

సీటు ఎత్తు: ఏ పద్ధతి ఎవరికి

సీటు ఎత్తు నిర్ణయించడానికి వాడుకలో ఉన్న పద్ధతులలో అన్నిటికన్నా పాతది, ఏ లెక్కా అవసరం లేనిది మడమ పద్ధతి. సైకిలును గోడ పక్కన నిలిపి, సీటు మీద నిటారుగా కూర్చుని, క్రాంకును (పెడలును మధ్య ఇరుసుకు కలిపే కడ్డీని) సీటు గొట్టానికి వరుసగా కిందికి తెచ్చి, మడమను పెడలు మీద ఆనించాలి. మోకాలు పూర్తిగా చాచుకోవాలి, కాని మడమ అందుకోవడానికి తుంటి ఒక పక్కకు ఒరగకూడదు. అదే ఎత్తులో పాదం ముందు భాగాన్ని పెడలు మీద పెట్టి తొక్కితే మోకాలికి కావలసినంత వంపు దానంతట అదే మిగులుతుంది. రోజూ వేసుకునే చెప్పులతోనే చూస్తే వాటి మందం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అయితే మడమ దగ్గర ఎత్తుగా ఉండే చెప్పులతో చూస్తే సీటు ఉండవలసినదానికన్నా పైకి పోతుంది.

రెండవది 1967లో బ్రిటన్‌కు చెందిన హామ్లీ, థామస్ అనే పరిశోధకులు ప్రతిపాదించినది. కాలి పొడవును 1.09తో హెచ్చిస్తే, కిందికి దిగిన పెడలు ఇరుసు నుంచి సీటు పై భాగం దాకా ఉండవలసిన దూరం వస్తుంది. మూడవది ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్, ఆయన దగ్గర తర్ఫీదు పొంది తరువాత మూడుసార్లు టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేర్లతో ప్రచారమైనది. ఇందులో కాలి పొడవును 0.883తో హెచ్చించి, వచ్చిన దూరాన్ని క్రాంకు ఇరుసు మధ్య నుంచి సీటు పై భాగం దాకా, సీటు గొట్టం వెంట కొలుస్తారు.

ఈ రెండు లెక్కలూ ఒకే సమాధానం ఇస్తాయనుకోవడం పొరపాటు. రెంటినీ పోల్చాలంటే మొదటిదైన 1.09 లెక్కలో వచ్చిన దూరం నుంచి క్రాంకు పొడవు తీసివేయాలి. మామూలుగా దొరికే 170 మిల్లీమీటర్ల క్రాంకు ఉన్న సైకిలు మీద, కాలి పొడవు 82 సెంటీమీటర్లున్న మనిషికి రెండు లెక్కల్లోనూ 72.4 సెంటీమీటర్లే వస్తుంది. కాలి పొడవు 78 అయితే మొదటి లెక్క ప్రకారం 68, రెండవదాని ప్రకారం 68.9. కాలి పొడవు 70కి తగ్గితే మొదటిది 59.3 అంటుంది, రెండవది 61.8 అంటుంది, అంటే రెండున్నర సెంటీమీటర్ల తేడా, మోకాలి వెనుక నొప్పి రావడానికి అది చాలు. దీనికి కారణం తేలికగానే బోధపడుతుంది. 0.883 లెక్కలో క్రాంకు పొడవు ప్రసక్తే లేదు. పొడుగు కాళ్ల పందెపు సైకిలిస్టులకు కుదిరిన ఆ గుణకం పొట్టి కాళ్ల వారికి సీటును అనవసరంగా పైకి లేపుతుంది. మన ప్రాంతంలో ఆడవారిలోనూ, హైస్కూలు పిల్లల్లోనూ కాలి పొడవు 82 దాటనివారే ఎక్కువ కాబట్టి, లెక్క కట్టి చూసుకోవాలనుకునేవారు 1.09 పద్ధతినే ఎంచుకోవడం, అందులోనూ తమ సైకిలు క్రాంకు పొడవును విడిగా కొలిచి తీసివేయడం మేలు.

నాలుగవ పద్ధతి మోకాలి కోణాన్ని చూడడం. పెడలు అన్నిటికన్నా కిందికి దిగినప్పుడు, నిటారు కాలితో పోలిస్తే మోకాలు 25 నుంచి 35 డిగ్రీల మేర వంగి ఉండాలని దీని సూత్రం. తుంటి పక్క ఎముక, మోకాలి బయటి పక్క, చీలమండ ఎముక మీద రంగు చుక్కలు పెట్టి, పక్క నుంచి ఎవరిచేతనైనా ఫోనుతో ఫోటో తీయించి, ఆ మూడు చుక్కలను గీతలతో కలిపి కోణమానినితో చూసుకోవచ్చు. ఇది ఎత్తు పెట్టడానికన్నా, పెట్టిన ఎత్తు సరైనదో కాదో పరీక్షించడానికి బాగా పనికొస్తుంది.

నన్నడిగితే గేర్లు లేని మామూలు సైకిలుకు మడమ పద్ధతి చాలు. గేరు సైకిలు మీద బరంపురం నుంచి గోపాలపురం తీరం దాకా సుమారు 15 కిలోమీటర్లు ఏకబిగిన తొక్కేవారు 1.09తో మొదలుపెట్టి ఫోటోతో సరిచూసుకోవాలి. ఏ పద్ధతిలోనైనా, ఇప్పుడున్న ఎత్తుకు కొత్త ఎత్తుకు తేడా ఎక్కువగా ఉంటే ఒక్కసారిగా లేపకుండా ఐదేసి మిల్లీమీటర్ల చొప్పున పెంచుతూ, ప్రతిసారీ కొన్ని రోజులు తొక్కి చూడాలి. సీటు రాడ్డు కనీసం ఏడెనిమిది సెంటీమీటర్లు గొట్టంలో ఉండాలి. రాడ్డు మీద హద్దు గీత ఉంటే అది బయటికి కనిపించకూడదు.

సరైన ఎత్తులో కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనవు, మునివేళ్లు మాత్రమే తగులుతాయి. ఈ ఒక్క కారణంతోనే చాలామంది మళ్లీ సీటు దింపించుకుంటారు. ఆగవలసి వచ్చినప్పుడు సీటు మీద కూర్చునే నేలను అందుకోవాలని చూడకుండా, సీటు దిగి బారు మీదుగా నిలబడడం అలవాటు చేసుకుంటే ఈ భయం పోతుంది. అయినా అందరికీ ఇదే సలహా చెప్పలేము. బరంపురం బజారు సందుల్లో పది గజాలకోసారి ఆగేవారు, క్యారియరుకు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవారు, బియ్యం బస్తా వేసుకుని వచ్చేవారు, వయసు మళ్లినవారు సీటును లెక్కకన్నా ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు దించుకోవడమే క్షేమం. బరువున్న సైకిలు ఒరిగితే మునివేళ్లు దాన్ని ఆపలేవు. ఇందుకు బదులుగా మోకాలి మీద కొంత భారం పడుతుందని తెలిసి, మెల్లగా తొక్కుతూ ఆ భారాన్ని ఒప్పుకోవాలి.

ఫ్రేము హద్దు ఎక్కడ

పాత తరహా పెద్ద సైకిళ్లు 22, 24 అంగుళాల ఫ్రేములతో వస్తాయి. ఈ అంగుళాలు సీటు గొట్టం పొడవు. 28 అంగుళాలన్నది చక్రం లెక్క. 24 అంగుళాలంటే దాదాపు 61 సెంటీమీటర్లు. సీటు రాడ్డును అడుగంటా దించినా, స్ప్రింగుల తోలు సీటు మరో ఆరేడు సెంటీమీటర్లు కలుపుతుంది కాబట్టి సీటు పై భాగం 67 సెంటీమీటర్లకు కిందికి రాదు. 170 క్రాంకుతో లెక్క వేస్తే కాలి పొడవు దాదాపు 77 సెంటీమీటర్లకు తక్కువున్నవారు ఆ సైకిలు మీద సరిగా కూర్చోలేరు. 22 అంగుళాల ఫ్రేముకు ఆ హద్దు సుమారు 72, 20 అంగుళాలదానికి సుమారు 68. ఈ హద్దుకు దిగువన ఉన్నవారు ప్రతి తొక్కుకూ తుంటిని అటూ ఇటూ జార్చుతూ తొక్కుతారు. వెనుక వచ్చేవారికి ఇది స్పష్టంగా కనిపిస్తుంది, కొన్నాళ్లకు నడుము నొప్పితో తొక్కేవారికీ తెలిసివస్తుంది. అలాంటి సైకిలుకు కొత్త సీటు కొనడం, హ్యాండిల్ మార్చడం డబ్బు దండగ. దాన్ని ఇంట్లో పొడుగు కాళ్లవారికి ఇచ్చి, చిన్న ఫ్రేము కొనుక్కోవాలి.

బారు లేని సైకిలు గురించి ఒక మాట. దాన్ని లేడీస్ సైకిలని పేరు పెట్టి పక్కన పెట్టేశాం గాని, చీర కట్టుకునే వారికే కాదు, కాలు ఎత్తి వెనుక నుంచి ఎక్కలేని పెద్దవారికి, తరచుగా దిగి ఎక్కవలసినవారికి కూడా అంతకన్నా అనువైనది లేదు. ఆగగానే ముందుకు దిగి నిలబడడం సులువు కాబట్టి సీటును సరైన ఎత్తులోనే ఉంచుకోవచ్చు. అరవై దాటిన మగవారు నామోషీ పడి పెద్ద సైకిలు మీదే అవస్థ పడుతుంటే చూడడానికి కష్టంగా ఉంటుంది.

పిల్లల విషయంలో “రేపు పెరుగుతాడు కదా” అని రెండు సైజులు పెద్దది కొనడం మన దగ్గర పొదుపుగా చెలామణి అవుతోంది. సీటు పూర్తిగా దించినప్పుడు మడమ పరీక్షలో నెగ్గితేనే పెద్ద సైజు తీసుకోవాలి. లేకుంటే పెరిగేదాకా ఆగాలి. వయసును బట్టి గాక కాలిని బట్టి 20, 24, 26 అంగుళాల చక్రాల సైకిళ్లను ఎంచుకోవాలి. ఒడిశా ప్రభుత్వ సైకిలు పథకం ద్వారా హైస్కూలు పిల్లలకు అందే సైకిళ్ల సంగతి కూడా అంతే: ఒకే తరగతిలో ఉన్న పిల్లల ఎత్తుల మధ్య జానెడు తేడా ఉంటుంది గనుక, ఇంటికి తెచ్చిన రోజే మడమ పద్ధతిలో సీటు పెట్టించాలి.

సీటు ముందుకా వెనక్కా

క్రాంకు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు ముందున్న మోకాలి చిప్ప కింది నుంచి తాపీమేస్త్రీల తూకపు గుండు వేలాడదీస్తే అది పెడలు ఇరుసు మీదుగా దిగాలన్నది పాత నియమం. కీత్ బాంట్రేగర్ వంటి సైకిలు నిర్మాతలు దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదని వాదించారు. మొదలుపెట్టడానికి ఒక చోటు కావాలి కనుక దీన్ని వాడుకోవచ్చు, పట్టుబట్టనక్కరలేదు. పెద్ద సైకిళ్లలో సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది. సీటును మూడు సెంటీమీటర్లు లేపితే అది సుమారు ఒక సెంటీమీటరు వెనక్కి కూడా పోతుంది, హ్యాండిల్ ఆ మేరకు దూరమవుతుంది. అందుకే ఎత్తు పెట్టాకే ఈ సంగతి చూడాలి. సీటు కింది బిగింపును రాడ్డుకు వెనుక పక్క నుంచి ముందు పక్కకు తిప్పి బిగిస్తే రెండు మూడు సెంటీమీటర్ల తేడా వస్తుంది, ఖర్చేమీ ఉండదు. సీటు ముక్కు నేలకు సమంగా ఉండాలి: పైకి లేస్తే మర్మస్థానంలో తిమ్మిరి, కిందికి వాలితే ఒళ్లంతా ముందుకు జారి అరచేతుల మీద బరువు.

హ్యాండిల్ ఎత్తు

రోజువారీ పనులకు హ్యాండిల్ సీటుతో సమంగానో, రెండు మూడు సెంటీమీటర్లు పైనో ఉంటే నడుముకూ మెడకూ సుఖం. ఎదురుగాలిలో వేగంగా పోవాలనుకునే యువకులకు కిందికి ఉన్నా ఫరవాలేదు. ఎత్తు మార్చే పని మాత్రం సైకిలు రకాన్ని బట్టి మారుతుంది. పాత తరహా సైకిలులో హ్యాండిల్ గొట్టం నడినెత్తిన ఉన్న బోల్టును మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని మీద చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపలి బిగింపు జారి హ్యాండిల్ కదులుతుంది. చెక్క లేకుండా కొడితే బోల్టు తల నలుగుతుంది. ఇంత దాకా అందరికీ తెలిసిందే. కడ్డీ బ్రేకులున్న సైకిలులో హ్యాండిల్ లేచిన కొద్దీ బ్రేకు కడ్డీలు కూడా దానితో పాటు పైకి లేచి, బ్రేకు రబ్బర్లు రిమ్ముకు ఆనుకుంటాయి, చక్రం తిరగనంటుంది. పర్లాకిమిడిలో ఒక మేస్త్రీ మాటల్లో చెప్పాలంటే, “హేండిలు లేపీడం కాదు బాబూ, రెండు బ్రేకులూ మళ్లీ కట్టాల.” ముందు వెనుక కడ్డీల బిగింపులు వదులు చేసి, పొడవు సరిచేసి, తిరిగి బిగించాకే సైకిలు రోడ్డెక్కాలి. కొరాపుట్ వైపు ఘాటు దిగేవారు ఈ పని పూర్తయిందని తామే బ్రేకు నొక్కి చూసుకోవాలి.

కొత్త గేరు సైకిళ్లలో చాలావాటికి ఈ వీలు లేదు. వాటిలో హ్యాండిల్‌ను పట్టి ఉంచే మెడ భాగం కింద ఉన్న వలయాలను మార్చడం, ఆ మెడను తలకిందులుగా తిప్పి బిగించడం, లేదా పొట్టి మెడ వేయించడం మాత్రమే సాధ్యం. కొనేటప్పుడే హ్యాండిల్ దూరం చూసుకోవడం వీటి విషయంలో మరింత అవసరం.

డబ్బు పెట్టదగిన భాగాలు

మెత్తని జెల్ తొడుగు ఎక్కువగా అమ్ముడుపోయే వస్తువు, తక్కువ ఉపయోగపడే వస్తువు కూడా. నాలుగైదు కిలోమీటర్లకు హాయిగా ఉంటుంది. ఇరవై కిలోమీటర్లు తొక్కితే కూర్చునే ఎముకలు అందులోకి దిగిపోయి, మధ్యలోని మెత్తన పైకి ఉబికి అక్కడే తిమ్మిరి తెస్తుంది. పైగా అది సీటు ఎత్తును పెంచుతుంది కనుక అంత మేర రాడ్డు దించాలి. దాని బదులు సీటు వెడల్పు చూసుకోవాలి. గట్టి బల్ల మీద అట్ట ముక్క వేసి, దాని మీద కాసేపు కూర్చుని లేస్తే రెండు ఎముకల అచ్చులు పడతాయి. వాటి మధ్యల దూరానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే కావలసిన వెడల్పు తెలుస్తుంది. ఆడవారికి ఈ దూరం సాధారణంగా కొంచెం ఎక్కువ కాబట్టి ఇంట్లో మగవారి సన్న సీటునే వారూ వాడడం సరికాదు.

అడ్డంగా తిన్నగా ఉండే హ్యాండిల్ ఉన్న సైకిలు మీద ముందుకు బాగా వంగవలసి వస్తుంటే, వెనక్కి వంగిన పాత తరహా హ్యాండిల్ వేయించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు. చేతులు సహజంగా లోపలికి తిరిగి ఉండడం వల్ల మణికట్టుకూ విశ్రాంతి. బ్రేకు, గేరు తీగలు కొత్త ఆకారానికి అందుతాయో లేదో ముందే చూసుకోవాలి. క్రాంకు మార్పించడం నేను సామాన్యంగా సిఫారసు చేయను. చాలా పొట్టి కాళ్లవారికి 170కి బదులు 165 వేస్తే మోకాలికి సుఖమే గాని, మన చిన్న ఊళ్లలో ఆ భాగం వెతకడమే పెద్ద పని.

ఒకే సైకిలును ఇంట్లో ముగ్గురు వాడుతుంటే, పానా అవసరం లేకుండా లివరుతో బిగించే సీటు బిగింపు వేయించుకుని, ఒక్కొక్కరి ఎత్తు దగ్గర రాడ్డు మీద ఒక్కో రంగు చుట్టు వేసుకోవచ్చు. దొంగల భయమున్న చోట రాత్రి సీటు తీసి లోపల పెట్టుకోక తప్పదు.

నొప్పి ఏం చెబుతుంది

మోకాలి ముందు నొప్పి ఉంటే సీటు కిందికో ముందుకో ఉందని, మోకాలి వెనుక నొప్పి ఉంటే సీటు పైకి పోయిందని ముందుగా అనుమానించాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతిలో నరం నలుగుతున్నట్టు. హ్యాండిల్ లేపి, సీటు ముక్కు సమం చేసి చూడాలి. మెడ, నడుము పట్టేస్తే హ్యాండిల్ దూరం ఎక్కువైంది. ఒక్కో మార్పు విడిగా చేసి చూడాలి. ఒకేరోజు మూడు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. మోకాలు వాచినా, సైకిలు మానేసినా నొప్పి తగ్గకపోయినా మేస్త్రీ దగ్గరికి గాక వైద్యుని దగ్గరికి వెళ్లాలి.

నగరాల్లోని నిపుణుల సేవ వారానికి వందల కిలోమీటర్లు తొక్కేవారికి, రెండు కాళ్ల పొడవుల్లో తేడా ఉన్నవారికి, పై మార్పులన్నీ చేసినా బాధ తగ్గనివారికి తగినది. వారు తొక్కుతున్నప్పుడు వీడియో తీసి, రెండు పక్కలా కోణాలు చూసి, పొట్టి కాలి వైపు పాదం కింద బిళ్ల వేయడం వంటి పనులు చేస్తారు. మామూలు సైకిలు మీద ఊరికీ బడికీ తిరిగేవారు దానికోసం విశాఖపట్నం దాకా పోనక్కరలేదు. వెళ్లేవారు మాత్రం తమ సైకిలునే తీసుకుని, రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని, ఇప్పటి సీటు ఎత్తు రాడ్డు మీద గుర్తు పెట్టుకుని వెళ్లాలి. కొత్త కొలత వారం పది రోజులైనా ఒంటికి పట్టకపోతే వెనక్కి రావడానికి ఆ గుర్తు కావాలి.